మన పొలంలో జరిగిందే రాద్దాం: వెతికే రైతుకి దొరికేలా, దొరికాక పనికొచ్చేలా

పై వీడియోలో వంగ మీద అక్షింతల పురుగు ఎలా ఉంటుందో, ఆకు కింద పసుపు రంగు గుడ్లు ఎలా గుంపుగా పెడుతుందో చూపించాను. అది చూసి ఫోన్ చేసినవాళ్ళలో సగం మంది పురుగు గురించి అడగలేదు. "అన్నా, మేము కూడా వీడియోలు తీస్తున్నాం, కింద నాలుగు ముక్కలు రాస్తున్నాం. ఎవరికీ కనబడట్లేదు. నీది వెతికితే ఎట్ల వస్తుంది?" అని అడిగారు. జవాబు ఫోన్‌లో చెప్పేంత చిన్నది కాదు. పైగా ఆ జవాబు నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నది. కాబట్టి ముందు ఆ తప్పు చెబుతాను.

నాది మాదాపూర్‌లో, సైబర్ టవర్స్ వెనక సందులో ఉద్యోగం. శంకర్‌పల్లి వైపు రెండెకరాల ఎర్ర చెల్క ఉంది. శని, ఆదివారాలు నేను, మిగతా రోజులు మా చిన్నాన్న. మొదట్లో నేను రాసినవన్నీ ఆఫీసులో మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చుని రాసినవే. అంటే పొలం దగ్గర చూసి రాసినవి కావు. అక్కడా ఇక్కడా చదివి, నోట్స్ తీసుకుని, "జీవామృతం తయారీ విధానం", "అగ్ని అస్త్రం ఉపయోగాలు" అని పెట్టేవాణ్ణి. 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఈ లెక్క మీ అందరికీ నోటికి వచ్చు. ఇదే లెక్క ఇంటర్నెట్‌లో ఎన్ని వందల చోట్ల ఉందో చెప్పలేం. మరి అందులో నాదే ఎందుకు ముందు రావాలి? రాలేదు.

అగ్ని అస్త్రం మీద రాసింది మాత్రం కొంచెం పైకి వచ్చింది. అందులో "వంగ ఆకులకు చిల్లులు" అన్న మాట ఎక్కడో ఒక చోట పడింది. అదే కొంప ముంచింది.

ఒక రోజు సాయంత్రం ఆఫీసు నుంచి బయటికి వస్తుంటే ఫోన్. వికారాబాద్ వైపు నుంచి ఒక రైతు. "అన్నా, నువ్వు రాసింది జూసి కొట్టిన. వంగ ఆకులన్నీ మాడినయ్." ఎంత నీళ్ళలో కలిపారన్నా అని అడిగాను. "కలుపుడేంది? అట్లనే కొట్టిన. కలపమని నువ్వు రాయలే గద."

మళ్ళీ తెరిచి చూశాను. నిజమే, రాయలేదు. మూత్రం ఎంత, వేపాకు ఎంత, పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి ఎంత అన్నీ రాశాను. 100 లీటర్ల నీళ్ళకి 3 లీటర్లు కలపాలన్న ఒక్క లైను కాపీ చేయడంలో జారిపోయింది. నేను స్వయంగా ఒక్కసారి ట్యాంకులో పోసి కొట్టి ఉంటే ఆ లైను జారేది కాదు. చేతికి తెలిసిన పని రాతలో తప్పిపోదు. ఆయనకి పది గుంటల వంగ పోయింది. నాటి నెల కూడా కాలేదు.

ఇంకో సంగతి కూడా ఆ ఫోన్‌లోనే తెలిసింది. ఆయన మడిలో ఉన్నది కాయ తొలిచే పురుగు కాదు, అక్షింతల పురుగు. ఆకు పచ్చదనాన్ని గీకి గీకి తిని జల్లెడ లాగా చేస్తుంది. దానికి ముందు చేయాల్సింది గుడ్లు, పిల్ల పురుగులు ఏరివేయడం. అగ్ని అస్త్రం ఎక్కువగా కాండం, కాయ తొలిచే పురుగులకి, ఆకు ముడుచుకుని లోపల ఉండే పురుగులకి వాడతాం. అంటే నేను మోతాదు తప్పు చెప్పడమే కాదు, మందే తప్పు చెప్పాను. కానీ వెతికిన మనిషికి నాదే కనబడింది. కనబడింది కాబట్టి నమ్మాడు.

అప్పటి నుంచి వెతికితే దొరకాలి అన్న మాటంటే నాకు కొంచెం భయం. దొరకకపోతే మన రాత ఒకటి వృథా, అంతే. తప్పుగా రాసింది దొరికితే ఇంకొకరి మడి పోతుంది.

రైతు ఏ మాటతో వెతుకుతాడు?

ఆ అన్నని నేను అడిగిన ఇంకో ప్రశ్న, "ఫోన్‌లో ఏమని కొట్టారు?" అని. ఆయన కొట్టలేదు, మాట్లాడాడు. మైకు గుర్తు నొక్కి "వంగ చెట్ల ఆకులకి చిల్లులు పడుతున్నయ్ ఏం కొట్టాలె" అన్నాడట. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగులో మాట్లాడితే టైపు చేసే సౌకర్యం తెచ్చింది. మన దగ్గర చాలామంది రైతులు అలాగే వెతుకుతారు. టైపు చేసేవాళ్ళు కూడా చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు. ఇందులో ఏ ఒక్కరూ "వంగలో సమగ్ర సస్యరక్షణ యాజమాన్యం" అని వెతకరు. ఆ శీర్షిక పెట్టింది నేనే, అందుకే నాకు తెలుసు.

మిరప చూడండి. తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, దాన్ని రైతులు పై ముడత అంటారు. నల్లి పడితే ఆకు కిందికి ముడుచుకుంటుంది, అది కింది ముడత. ఈ రెండు మాటల్లో పురుగు ఏదో గుర్తుపట్టే శాస్త్రం అంతా ఉంది. పుస్తకం పేరు రాసి ఈ మాటలు వదిలేస్తే వెతికేవాడు మన దగ్గరికి రాడు. రాసి, ఆ రెండింటికీ తేడా ఒక ఫొటోతో చూపిస్తే వస్తాడు, వచ్చాక సరైన పని చేస్తాడు.

2021 చివర్లో వరంగల్, ఖమ్మం, గుంటూరు మిరప తోటల మీద కొత్త నల్ల తామర పురుగు పడింది గుర్తుందా? అది ఆకుల్లో కంటే పూతలో గుంపుగా చేరేది. పూత రాలిపోయేది. దాని శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. చేనులో నిలబడ్డ రైతుకి ఆ పేరు ఎట్లా తెలుస్తుంది? అతని నోట్లో వచ్చే మాట "పూలల్లో నల్ల నల్లగా చిన్న పురుగులు". మన రాతలో మొదట ఆ మాట ఉండాలి, ఆ పక్కన తామర పురుగు, ఆ తరువాత కావాలంటే శాస్త్రీయ నామం.

మన ప్రాంతాల తేడా ఇంకొకటి. మనం పల్లీ అంటాం, కోస్తాలో వేరుశనగ, సీమలో చెనిక్కాయ. మనం గుంటల్లో చెబుతాం, ఎకరానికి 40. ఆంధ్రలో సెంట్లు, ఎకరానికి 100. నేను "5 గుంటలు" అని రాస్తే పక్కన "అంటే 12 సెంట్లు పైన" అని ఒక ముక్క చేరుస్తాను. ఇదేదో వెతుకులాట కోసం చేసే ట్రిక్కు కాదు. నెల్లూరు నుంచి చదివేవాడు లెక్క తప్పకుండా ఉండటానికి.

మా ఆఫీసులో వెబ్‌సైట్ల పని చూసే ఒక తమ్ముడు ఉన్నాడు. కీవర్డ్ కీవర్డ్ అని రోజూ అదే గోల. అతను చెప్పినట్టు మొదట్లో ఒకే మాట పది సార్లు ఇరికించి రాశాను. "సహజ వ్యవసాయంలో వంగ, సహజ వ్యవసాయ వంగ సాగు, సహజ వంగ..." మా చిన్నాన్న చదివి, "ఏందిరా, నత్తి వచ్చిందా నీకు?" అన్నాడు. తీసేశాను. రైతు నోటి మాట శీర్షికలో ఒకసారి, మొదటి రెండు మూడు లైన్లలో ఒకసారి సహజంగా వస్తే చాలు.

ఆ మాటలు ఎక్కడ దొరుకుతాయి అంటారా? గూగుల్ పెట్టెలో "వంగ ఆకులు" అని కొట్టి ఆగండి, కింద జనం అడిగిన మాటలు వరసగా వస్తాయి. గూగుల్ ట్రెండ్స్ డబ్బులు లేకుండా చూడొచ్చు. సొంత సైటు ఉంటే సెర్చ్ కన్సోల్ అని ఉంటుంది, మనల్ని ఏ మాటతో వెతికి వచ్చారో చూపిస్తుంది. కానీ నా మటుకు నాకు ఎక్కువ పనికొచ్చింది ఫోన్ కాల్. ఎవరు ఫోన్ చేసినా వాళ్ళ మొదటి వాక్యం ఉన్నది ఉన్నట్టు ఒక పుస్తకంలో రాసుకుంటాను. ఆ పుస్తకమే నా శీర్షికల పుస్తకం.

సొంత అనుభవం అంటే సొంత కథ కాదు

గూగుల్ తన ఫలితాలు ఎంత బాగున్నాయో చూసి చెప్పడానికి మనుషుల్ని పెట్టుకుంటుంది. వాళ్ళకి ఇచ్చే మార్గదర్శకాల్లో నైపుణ్యం, పేరు ప్రతిష్ఠ, నమ్మకం అనేవి ముందు నుంచీ ఉన్నాయి. 2022 డిసెంబరులో వాటికి అనుభవం కూడా చేర్చారు. రాసినవాడు ఆ పని స్వయంగా చేశాడా, ఆ వస్తువు వాడాడా అన్నది చూడమని. ఈ ఒక్క దానితో మన పేజీ పైకి వచ్చేస్తుందని నేను అనను, అట్లా పని చేయదు కూడా. కానీ దారి అటే ఉంది. ఆ దారిలో మనకి ఉన్న ఆస్తి పెద్ద పెద్ద సైట్లకి లేదు. జీవామృతం లెక్క అందరి దగ్గరా ఉంది. డిసెంబరు చలిలో మా డ్రమ్ములో రెండు రోజులకి నురగ రాలేదు, నాలుగో రోజుకి వచ్చింది అన్న మాట మా దగ్గరే ఉంది.

అయితే సొంత అనుభవం అనగానే "చిన్నప్పటి నుంచి నాకు వ్యవసాయం అంటే ఇష్టం, తాతగారితో పొలానికి వెళ్ళేవాణ్ణి" అని మొదలుపెట్టేవాళ్ళని చూస్తాను. నేనూ రాశాను. మడి ఎండిపోతుంటే మన తాతగారి గురించి ఎవరు చదువుతారు? చదివే రైతు తన కష్టాన్ని మన రాతలో గుర్తుపట్టాలి. అందుకు కావలసింది వివరాలు. నేల ఏది, ఏ నెల, నాటి ఎన్ని రోజులు, వాన పడిందా, ఎంత మేర, ఎంత కొట్టాం, ఎన్నిసార్లు, ఎంత దక్కింది, ఎంత పోయింది.

వంగ తప్పు తరువాత నేను మళ్ళీ మొదటి నుంచి రాసింది ఇలా ఉంటుంది:

"వంగ ఆకులు జల్లెడ అయిపోతున్నాయా? మా 5 గుంటల మడిలో ఏం చేశామంటే..."

"జులై రెండో వారం. నాటి 25 రోజులైన వంగ, ఎర్ర చెల్క నేల. ఆకుల మీద గీకినట్టు తెల్లటి మచ్చలు, తరువాత చిల్లులు. ఆకు తిప్పి చూస్తే పసుపు గుడ్ల గుంపులు, ఒంటి మీద ముళ్ళు ముళ్ళుగా ఉన్న పసుపు పురుగులు. ఇది అక్షింతల పురుగు. నాలుగు రోజులు పొద్దున 7 నుంచి 9 దాకా ఇద్దరం గుడ్లున్న ఆకులు తెంపి, పురుగులు ఏరి సబ్బు నీళ్ళ డబ్బాలో వేశాం. నీమాస్త్రం రెండుసార్లు, వారం తేడాతో కొట్టాం. ఆలస్యంగా చూశాం కాబట్టి ఒక సాలు మొత్తం పోయింది."

దాని కింద నీమాస్త్రం లెక్క: ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల వేపాకు ముద్ద, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల పేడ, 48 గంటలు ఊరనిచ్చి వడకట్టాలి, మళ్ళీ నీళ్ళు కలపకూడదు. మా 5 గుంటలకి అందులో ఎనిమిదో వంతు, అంటే 25 లీటర్లు. ఆ కింద ఇంకో పెద్ద అక్షరాల లైను: "అగ్ని అస్త్రం దీనికి వద్దు. వేరే పురుగుకి కొట్టినా 100 లీటర్ల నీళ్ళకి 3 లీటర్లే. నేను ఇది రాయకపోవడం వల్ల ఒక రైతు మడి మాడిపోయింది."

ఆ చివరి లైను తీసేయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు, పరువు పోతుందని. ఉంచాను. ఇప్పుడు నా రాతల్లో ఎక్కువ మంది వెతికి వచ్చేది దానికే. ఎక్కువగా వచ్చే మాట ఏమిటో తెలుసా? "అగ్ని అస్త్రం కొడితే ఆకులు మాడినాయి". అంటే ఆ అన్న ఒక్కడే కాదన్న మాట. ఎలా కొట్టాలో అందరూ రాశారు, కొట్టాక మాడితే ఏం చేయాలో రాసినవాళ్ళు తక్కువ.

పస్తాపూర్ ఆడవాళ్ళు ముందే చెప్పారు

ఈ విషయంలో నాకు గురువులు ఐటీ కంపెనీల్లో లేరు. ఇక్కడి నుంచి ముంబై రోడ్డు మీద పటాన్‌చెరు దాటి వంద కిలోమీటర్లు పోతే జహీరాబాద్ పక్కన పస్తాపూర్ ఉంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడిదే. ఆ సంఘాల్లో ఉన్నవాళ్ళు ఎక్కువగా దళిత మహిళా రైతులు. జొన్న, కొర్ర, సామ లాంటి పంటలు కలిపి, ఎరువుల బస్తా లేకుండా పండించేవాళ్ళు. చదువు రాని ఆ అక్కలు కెమెరాలు పట్టడం నేర్చుకున్నారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, 2003లోనే వరంగల్ బీటీ పత్తి రైతుల కష్టం మీద వాళ్ళు చిత్రం తీశారు. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో మొదలుపెట్టారు.

వాళ్ళు కెమెరా షాట్లకి పెట్టుకున్న పేర్లు వింటే నాకు రాత అంటే ఏమిటో అర్థమైంది. పైనుంచి కిందికి చూపించే షాట్ పేరు పటేల్ షాట్. గడీలో నిలబడి కూలోళ్ళని చూసే చూపు అది. కింది నుంచి పైకి చూపించేది దొర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ జీతగాడి చూపు. ఎదురుగా, కంటికి కన్ను సమానంగా తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుంటారు కదా, ఆ చూపు.

నేను ఆఫీసులో కూర్చుని రాసినవన్నీ పటేల్ షాట్లే. "రైతులు ఈ క్రింది జాగ్రత్తలు పాటించవలెను." ఎవరు నువ్వు చెప్పడానికి? "మేము ఇలా చేశాం, ఇక్కడ తప్పింది, మీ నేలలో ఎలా ఉందో చూసుకోండి" అనేది సంఘం షాట్. చదివేవాడు రెండో వాక్యంలోనే ఏ షాటో పసిగడతాడు.

వీడియో ఉంటే సరిపోదు

మన వాళ్ళు వీడియో తీసి కింద ఏమీ రాయరు. లేకపోతే "నచ్చితే లైక్ చేయండి" అని రాస్తారు. పొలంలో సిగ్నల్ ఒక గీత ఉన్నవాడికి వీడియో తిరగదు, రాత మాత్రం తెరుచుకుంటుంది. మోతాదులు, నీళ్ళ లెక్క, రోజులు తప్పకుండా కింద రాయండి. మాటలో "కొంచెం వేయండి" అంటాం, ఆ కొంచెం ఎంతో రాతలో తేలాలి. యూట్యూబ్‌లో కింద టైములు కూడా రాయొచ్చు. మొదటిది 0:00 తో మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కో భాగం 10 సెకన్లకి తక్కువ కాకూడదు. అప్పుడు "2:40 గుడ్లు ఎక్కడ ఉంటాయి" అని నేరుగా అక్కడికి పోతారు. ఇరవై నిమిషాల వీడియో మొత్తం చూసే తీరిక నాట్ల రోజుల్లో ఎవరికి ఉంటుంది?

వీడియోలో మొదటి మాట కూడా సమస్యే అవ్వాలి. "వంగ ఆకు ఇట్ల జల్లెడ అయితుందా?" అని ఆకు కెమెరా ముందు పెట్టండి. మన పరిచయం తరువాత చెప్పుకోవచ్చు.

కొనేవాళ్ళు వెతికే మాటలు వేరు

పంట అమ్ముకోవడానికి రాసేవాళ్ళకి ఒక ముక్క. కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో ఆదివారం మేము కూరగాయలు ఇస్తాం. అక్కడి అక్కలకి పై ముడత, కింది ముడత అక్కర్లేదు. "మందులు కొట్టని కూరగాయలు ఇంటికి తెచ్చిస్తారా", "వంకాయలో పురుగు ఉంటే తినొచ్చా", "దేశీ బియ్యం ఎంతసేపు నానబెట్టాలి" ఇవి వాళ్ళ ప్రశ్నలు. నవార మొదటిసారి మా ఇంట్లో వండినప్పుడు మామూలు బియ్యం లెక్కలో నీళ్ళు పోసి పలుకు పలుకుగా తిన్నాం. అది రాశాను, నానబెట్టి వండిన లెక్క కూడా రాశాను. ఆ వారం అడిగినవాళ్ళందరూ అది చదివినవాళ్ళే.

ఇక్కడే ఒక గుంత ఉంది. "ఈ బియ్యం తింటే షుగర్ పోతుంది" అని రాస్తే జనం ఎగబడి చదువుతారు, నాకు తెలుసు. రాయకండి. అది మన అనుభవం కాదు, మనం డాక్టర్లం కాదు, ఎవరో మాత్రలు ఆపేస్తే ఆ బాధ్యత ఎవరిది? అలాగే ఆర్గానిక్ అన్న మాట. 2017లో ఆహార భద్రతా సంస్థ నిబంధనలు తెచ్చింది, ఆ పేరుతో అమ్మే సరుకుకి ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్-ఇండియా గానీ ధ్రువీకరణ అడుగుతారు. సంచి మీద ఆ మాట అచ్చు వేయించే ముందు కనుక్కోండి. "మేము ఏం వాడామో, ఏం వాడలేదో ఇదిగో" అని తేదీలతో రాసిన పేజీ ఒకటి ఉంటే ఆ మాట కంటే ఎక్కువ నమ్ముతారు. మా దగ్గర కొనేవాళ్ళలో ఒక అక్క ఆ పేజీ చదివి, "మే నెలలో ఏం రాయలేదేంటి, ఆ నెల మందు కొట్టారా?" అని అడిగింది. ఆ నెల బావి ఎండి పంటే వేయలేదు. అది కూడా రాసి పెట్టాల్సిందే అని అప్పుడు తెలిసింది.

ఇతర రైతుల అనుభవం రాస్తే వాళ్ళని అడిగి రాయండి. పేరు, ఊరు వద్దంటే వద్దు. వికారాబాద్ అన్నని కూడా అడిగాను. "పేరు వద్దు గానీ మడి మాడింది మాత్రం రాయి, ఇంకోడు కొట్టకుంట ఉంటడు" అన్నాడు. పోయిన వానాకాలం మళ్ళీ వంగ వేశాడు. ఆగస్టులో ఫోన్ చేసి, ఇంట్లో పిల్లలు సెలవు రోజున సీసా నిండా పురుగులు ఏరారని, ఈసారి రెండు సాళ్ళే పోయాయని చెప్పాడు. ఆ రెండు సాళ్ళ లెక్క కూడా పాత రాత కిందనే తేదీ వేసి చేర్చాను.

వచ్చే వారం వీడియో కంది పూత రాలడం మీద. మీ చేనులో రాలుతుంటే ఎన్ని రోజుల పంట, ఏ నేల, మబ్బు పట్టిందా లేదా, ఈ మూడూ కలిపి వాట్సాప్‌లో మాట రూపంలో పంపండి. టైపు చేయకండి, మాట్లాడండి. మీ మాటలే నాకు కావాలి.